పోస్టు సారు లేని ఊరికి

ఎల్.బి. నగర్ చౌరస్తాలో సాగర్ రోడ్డు పట్టుకున్నాక కూడా హైదరాబాద్ ఒక పట్టాన వదిలిపెట్టదు. బి.ఎన్. రెడ్డి నగర్, ఇంజాపూర్, తుర్కయంజాల్ అంటూ పేర్లు మారుతుంటాయి గాని రోడ్డుకి అటూ ఇటూ దుకాణాల వరస తెగదు. టైల్సు, గ్రానైట్ పలకలు, కుళాయిలు, టేకు తలుపులు, ఇనుప గేట్లు. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళ కోసమే వేసినట్టుంటుంది ఈ దారి. తుర్కయంజాల్ దగ్గర మాసబ్ చెరువు కనపడ్డాకే కంటికి కాస్త తెరిపి. నగరాన్ని 158 కిలోమీటర్లు చుట్టివచ్చే అవుటర్ రింగు రోడ్డు బొంగ్లూరు దగ్గర అడ్డం వస్తుంది. అది దాటాక గాలి వేరు, నేల వేరు.

మాది తెనాలి పక్క పల్లె. పుట్టి బుద్ధెరిగాక రాయి అనేదాన్ని మా పొలాల్లో చూడలేదు. ఎక్కడైనా రాయి ఉందంటే ఎవరో లారీలో తెప్పించి వేసిందే. ఇక్కడ రాయే నేల. ఏనుగంత గుండ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుని ఉంటాయి. మధ్య మధ్య ఎర్ర చెల్క, తాళ్ళు, ఈదులు, ముళ్ళ కంప. ఆ చెల్కల్లో ఇప్పుడు కంది కన్నా తెల్ల రంగు పూసిన హద్దురాళ్ళే ఎక్కువగా మొలిచాయి. ప్రతి వెంచరుకీ ఒక కమాను, కమాను పక్కన రంగు జెండాలు, లోపల ఇల్లన్నది లేని తారు రోడ్లు. ఎదురుగా ఒక మేకల మంద ఆ తారు రోడ్డు మీద తీరిగ్గా నడిచిపోతోంది. భూమి ఎవరి పేరు మీదికి మారిందో మేకలకి ఇంకా తెలియలేదు.

దసరా వెళ్ళిపోయింది. మంగళ్‌పల్లి దాటాక రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు కనపడ్డాయి. పరామర్శకి వట్టి చేతులతో వెళ్ళం, అలాగని స్వీట్లు పట్టుకెళ్ళం. పండ్లే దిక్కు. గంప ముందు కూర్చున్న పెద్దావిడని బాగా మాగినవి ఏరి ఇమ్మన్నాను. ఏ ఊరికి, ఎవరింటికి అని అడిగింది. పోయినవారింటికి అని చెప్పాను. ఏరిన పండ్లన్నీ మళ్ళీ గంపలో వేసేసి, గట్టివి, కళ్ళు అప్పుడే తేలుతున్నవి ఏరడం మొదలుపెట్టింది.

"సావైన ఇంటికి పండ్లు మస్తు వస్తయ్ సారూ. అందరు పండినయే తెస్తరు. తినేటోళ్ళు ఉండరు, కుళ్ళిపోతయ్. ఇవి నాలుగొద్దులకు పండుతయ్. చుట్టాలు పోయినంక ఇంట్లోళ్ళు తింటరు."

నాలుగు రోజుల తర్వాతి ఆకలి గురించి ఆలోచించింది ఆవిడ. నేను ఇన్నేళ్ళు ఎన్ని ఇళ్ళకి పరామర్శకి వెళ్ళానో, ఎన్ని డజన్ల అరటిపండ్లు మోసుకెళ్ళానో! ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు.

మా వైపు ఇబ్రహీంపట్నం అంటే విజయవాడ అవతల, థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనపడే ఊరు. రంగారెడ్డి జిల్లాలో ఇంకొకటి ఉందని నాకు తెలిసింది ఉద్యోగంలో చేరాకే. రైల్వే మెయిల్ సర్వీసులో నేను వై డివిజన్, అంటే విజయవాడ. ఇప్పుడు పోయిన నా స్నేహితుడు జెడ్ డివిజన్, హైదరాబాద్. రాత్రి బండికి తగిలించిన మెయిల్ వ్యాన్‌లో నిలబడి, పట్టాల కుదుపుకి ఒళ్ళు అలవాటు చేసుకుంటూ, చెక్క గూళ్ళలోకి ఉత్తరాలు విసరడమే మా పని. జనం చిరునామాలో ఒట్టి 'ఇబ్రహీంపట్నం' అని రాసి ఊరుకునేవారు. 1972లో పిన్ కోడు వచ్చినా చాలాకాలం దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1978లో రంగారెడ్డి జిల్లా హైదరాబాద్ జిల్లా నుంచి విడిపోయాక ఇంకో తికమక. పైన ఏ జిల్లా రాశారో, అసలు రాశారో లేదో చూసి అటో ఇటో పంపాలి. దారి తప్పి మా వైపు వచ్చిన వాళ్ళ వైపు ఉత్తరాలని నేను కట్టకట్టి వెనక్కి పంపేవాణ్ణి, మా వైపువి అతను పంపేవాడు. అలా కట్టల మీద చుట్టిన చీటీల్లో పలకరింపులు మొదలై, బెజవాడ రెస్ట్ హౌసులో ఒక తెల్లవారుజామున మొహాలు కలిశాయి. "501506 నేనే" అని వాళ్ళ ఇబ్రహీంపట్నం పిన్ కోడు చెప్పి చెయ్యి చాపాడు.

అతను ఉత్తరాలు విసరడంలో ఒక పద్ధతి ఉండేది. మూలలకి పసుపు రాసిన పదిహేను పైసల కార్డు చేతికి వస్తే దాన్ని కట్టలో పైకి వచ్చేట్టు పెట్టేవాడు. పెళ్ళి కబురో, పురుడు కబురో పోస్ట్‌మాన్ చేతికి ముందు అదే తగలాలని. మూలలకి నల్లరంగు పూసినవి ఎప్పుడూ అడుగుకి వెళ్ళేవి. కట్ట మొత్తం ఒకే సంచిలో, ఒకే పోస్టాఫీసుకి వెళ్ళేదే. పైన ఉన్నా అడుగున ఉన్నా చేరేది ఒక్కపూటే. అయినా మానేవాడు కాదు.

ఎందుకని ఒకసారి అడిగితే వాళ్ళ నాయన గురించి చెప్పాడు. వెట్టి చేసిన మనిషి. ఊళ్ళో పెద్దిళ్ళలో ఎవరైనా పోతే చుట్టుపక్కల ఊళ్ళలోని చుట్టాలకి చావు కబురు చేర్చడం వీళ్ళ ఇంటి వంతు. ఎండనీ వాననీ లేదు, అర్ధరాత్రయినా కర్ర పట్టుకుని బయల్దేరాలి. చేరాక గడపకి దూరంగా నిలబడి చెప్పాలి. చెప్పగానే లోపల గొల్లుమంటారు, అంతదూరం నడిచొచ్చిన మనిషికి గుక్కెడు నీళ్ళివ్వాలని ఎవరికీ తోచదు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి నిప్పు రాజేసింది ఇలాంటి వెట్టే. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చేసరికి ఆ ముసలాయన నడవగలిగిన నడకంతా నడిచేశాడు.

"మా నాయన ఊర్లెకు వస్తుండంటే జనం గజగజ వణికేటోళ్ళు, ఎవ్వరి సావు తెచ్చిండో అని," అన్నాడు. "నన్ను చూస్తే నవ్వాలె. గంతే."

ఆ మాట మీదే బతికాడు. రిటైరై ఊరికి వచ్చి స్థిరపడ్డాక ఊరంతా 'పోస్టు సారు' అన్నారు. మా బ్యాచీలో ఎవరి పిల్ల టెన్త్ పాసైనా, ఎవరికి మనవడు పుట్టినా, ఎవరు అప్పుల్లోంచి బయటపడినా మొదట అతనికి తెలిసేది, అతని ద్వారా మిగతావాళ్ళకి తెలిసేది. అందరి ఇళ్ళలో ఏం జరుగుతోందో ఒక్కడే చెప్పగలిగేవాడు. అతను పోయిన కబురు మాత్రం వాట్సాప్‌లో వచ్చింది. ఫోటో, కింద నాలుగు ముక్కలు, దాని కింద వరసగా దండాలు పెట్టే చేతుల బొమ్మలు. ఒకప్పుడు కాళ్ళు పుండ్లయ్యేలా నడిచి చేర్చిన కబురు ఇప్పుడు నిమిషంలో పది ఊళ్ళు తిరిగింది. తిరిగాక ఆ గుంపులో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఏ ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పేవాడు అతనొక్కడే మరి.

ఇబ్రహీంపట్నంలో బస్టాండు దాటి పెద్ద చెరువు కట్ట మీదికి వెళ్ళాను. ఇంటికి వెళ్ళేముందు ఈ కట్ట మీద నిలబడాలని బయల్దేరినప్పుడే అనుకున్నాను. అతను ఫోన్లో ఎన్నిసార్లు ఈ చెరువు గురించి చెప్పాడో! వెయ్యి ఎకరాలకి పైగా పరుచుకునే చెరువు. గోల్కొండని 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటిది, ఊరి పేరూ ఆయనదే. పట్టానికి రాకముందు అన్న జంషీద్‌కి భయపడి విజయనగరం పారిపోయి, అళియ రామరాయల కొలువులో ఏడేళ్ళు తలదాచుకున్నవాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు, అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. ఆశ్రయమిచ్చిన ఆ రామరాయల మీదికే 1565లో మిగతా సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్ళాడు. పుస్తకాల్లో ఆ యుద్ధానికి ఎక్కువ పేజీలుంటాయి. ఈ కట్ట మీద టీ అమ్మే కుర్రాడికి మాత్రం ఇబ్రహీం అంటే చెరువు తవ్వించిన రాజు, అంతవరకే.

నీళ్ళున్నాయి గాని అలుగు అందుకునేంత లేవు. కొంగలు, నీటికాకులు. అవతలి గట్టున కొత్త అపార్టుమెంట్ల వరస. మాకు నీళ్ళంటే కాలవ. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక మా తాతల కాలం నుంచీ కృష్ణ నీళ్ళు లాకులు దాటుకుంటూ వేళకి వచ్చేవి, వేళకి కట్టేసేవాళ్ళు. నీళ్ళు రాకపోతే ఎవరినో తిట్టేవాళ్ళం, దరఖాస్తులు పెట్టేవాళ్ళం. ఇక్కడ తిట్టడానికి పైన ఆకాశమే ఉంది. కురిస్తే నిండుతుంది, లేకపోతే ఏళ్ళ తరబడి పశువులు మేసే బీడు. షాబాద్ వైపు నుంచి ఈ చెరువుకి నీళ్ళు తేవడానికి నిజాం కాలంలో తవ్విన ఫిరంగి నాలా కూడా ఉంది. చాలాచోట్ల పూడిపోయింది, ఆక్రమణల పాలయింది. అందుకే కొన్ని దశాబ్దాలు ఈ చెరువు అలుగు దూకింది లేదు.

2022 అక్టోబరులో దూకింది. ఆ రోజు పొద్దున్నే నాకు ఫోను. ఎత్తగానే మాట లేదు, ఒకటే హోరు. ఏదో లైను గొడవ అనుకుని పెట్టేయబోతుంటే అరిచాడు: "అలుగు దుంకుతుంది ర భాయ్! ఇను! పెట్టెయ్యకు, ఇను!" ఊరూ వాడా కట్ట మీదే ఉందట. డప్పులు, పూలు, గంగమ్మకి కొబ్బరికాయలు. ఇలాంటి కబురు మోయడానికే పుట్టినవాడు. ఆ పొద్దున ఎంతమందికి ఆ హోరు వినిపించాడో!

టీ కుర్రాడి పక్కన కూర్చున్న ఒక ముసలాయన నన్ను చూసి, ఎవరింటికి వచ్చారని అడిగాడు. ఇక్కడ ఆ ప్రశ్న అడగకుండా ఎవరూ ఊరుకోరని అప్పటికి అర్థమైంది. మా వైపు కొత్త మనిషి కనపడితే ఓరగా చూసి, వెళ్ళాక పక్కవాడిని అడుగుతాం. ఇక్కడ మొహం మీదే అడుగుతారు, జవాబు వచ్చాక దాంతో ఏదో ఒక పని చేస్తారు. పోస్టు సారు ఇంటికని చెప్పగానే ఆయన లేచి, టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వకుండా తనే ఇచ్చేసి, నా ముందు నడిచి ఆటో మాట్లాడి పెట్టాడు. "పింఛన్ కాయితాలు ఆయననే రాసి పెట్టిండు నాకు" అన్నాడు, ఆటో కదిలాక.

అతని ఊరు మంచాల వైపు వెళ్ళే దారిలో లోపలికి ఉంటుంది. ఊరి మొదట్లో అతని ఫోటోతో ఫ్లెక్సీ, ఎండకి అప్పుడే రంగు వెలుస్తోంది. ఇల్లు చేరగానే లోపల్నుంచి అతని అక్క, డెబ్బై అయిదు దాటిన మనిషి, నన్ను పట్టుకుని శోకం తీసింది.

మా ఇళ్ళలో పరామర్శ అంటే కుర్చీలో కూర్చుని నేల చూడడం. కాసేపయ్యాక "ఎలా జరిగింది?" అని ఒకరు అడుగుతారు. అప్పటికే ఇరవైసార్లు చెప్పిన సంగతిని ఇంట్లోవాళ్ళు ఇరవై ఒకటోసారి చెబుతారు. ఇక్కడి శోకం అలా లేదు. ఆవిడ నాతో మాట్లాడలేదు, తమ్ముడితో మాట్లాడింది. రాగం తీస్తూ, నా భుజం పట్టుకుని ఊపుతూ: "తమ్మీ... నీ తెనాలి దోస్తు వచ్చిండు తమ్మీ... అంత దూరంకెళ్ళి వచ్చిండు తమ్మీ... చాయ్ పెట్టుమని కేకెయ్యవేందిరా తమ్మీ..." నేను ఎవర్ని, ఎక్కణ్ణించి వచ్చాను, వాడికి ఏమవుతాను, మేమిద్దరం ఏ రైల్లో పనిచేశాం, అన్నీ ఆ ఏడుపులోనే ఉన్నాయి. పక్కింటి నుంచి వచ్చిన ఆడవాళ్ళకి నన్ను వేరే పరిచయం చేయనక్కర్లేకపోయింది. పోయినవాడికి వచ్చినవాళ్ళ కబురు చెప్పడమే ఆవిడ చేసే పని. ఎంత ఉధృతంగా మొదలైందో అంత టక్కున ఆపేసి, కొంగుతో మొహం తుడుచుకుని, "కాళ్ళు కడుక్కో బిడ్డా, అన్నం తిన్నవా?" అంది.

అతనికి ఒక్కతే కూతురు. దగ్గర్లోనే ప్రాథమిక పాఠశాలలో టీచరు. తల్లి పోయి చాలాకాలమైంది. తండ్రికి ముందు నడిచి కుండ పట్టుకున్నది ఈ అమ్మాయే. మగపిల్లలు లేరు కదా, అన్నదమ్ముల కొడుకుల్లో ఎవరినైనా పిలుద్దామని కొందరు పెద్దలు అన్నారట. మేనత్తే అడ్డం తిరిగిందట: "వాడు సదివిచ్చింది ఈ పిల్లనే, కుండ పట్టేది ఈ పిల్లనే." అంతటితో మాట ఆగిపోయింది.

"వచ్చిండ్రా చిన్నాయనా," అంది అమ్మాయి, చెంబుతో నీళ్ళిస్తూ. ఏడవలేదు. నేను ఏమీ అడగకముందే తండ్రి ఎలా పోయాడో మూడు మాటల్లో చెప్పేసింది. పొద్దున్నే చాయ్ తాగాడు, పేపరు మడిచి పక్కన పెట్టాడు, అంతే. ఇంకేమీ అడగనవసరం లేకుండా చేసేసింది. నా దగ్గరున్న ఓదార్పు మాటలు ఒక్కటీ ఆ గదిలో సరిపోయేలా కనపడలేదు. "ధైర్యంగా ఉండు తల్లీ" అనబోయాను, ఆమె నా కన్నా ధైర్యంగానే ఉంది. "మంచి చావు" అనబోయాను, కూతురికి అది ఎందుకు మంచిదవుతుంది?

బల్ల మీద ఒక పాత ఫోను మోగింది. ఎత్తి బయటికి వెళ్ళి, కాసేపటికి తిరిగి వచ్చింది.

"నాయన నంబరు బంద్ చెయ్యలే చిన్నాయనా. రోజుకు ఎవరో ఒకరు చేస్తరు. కొందరికి ఎరుకనే లేదు. పోస్టు సారు ఉన్నడా అంటరు. చెప్పాలె. ఆ తర్వాత వాళ్ళు ఏడుస్తుంటే నేను ఓదార్చాలె." కొంచెం ఆగి అంది: "మా తాత ఊర్లు తిరిగి చెప్పిండు. నేను కూసున్న కాడికెళ్ళి చెప్తున్న."

చావు కబురు మోత నుంచి ఆ కుటుంబాన్ని తప్పించాలని ఒక మనిషి జీవితమంతా ప్రయత్నించాడు. తన చావు దగ్గరికి వచ్చేసరికి ఆ మూట మళ్ళీ కూతురి చేతికే వచ్చింది. ఈ మాట నేను పైకి అనలేదు. ఆమెకి నాకన్నా ముందే తెలుసు.

"మీరు చెప్పుండ్రి చిన్నాయనా," అంది ఉన్నట్టుండి. "చిన్నమ్మ కన్ను ఆపరేషన్ అయిందా? అక్కకు కాన్పయిందా?"

నాకు నోరు పెగల్లేదు. మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. కాని చావు జరిగిన ఇంట్లో పురుడు కబురు, పెళ్ళి కబురు ఎత్తకూడదని మా వైపు పట్టింపు. వెళ్ళామా, కూర్చున్నామా, లేచామా. వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తాం" అని కూడా అనం. నేను నసుగుతుంటే గుమ్మం దగ్గర కూర్చున్న మేనత్త అందుకుంది: "చెప్పు బిడ్డా. మావోడు దానికోసమే చూస్తుండె. ఆడివిల్లనా మొగవిల్లగాడా?"

చెప్పాను. ఆడపిల్ల అని. వెంటనే అమ్మాయి అడిగింది: "ఎన్ని కిలోలున్నది? నార్మలా, ఆపరేషనా? పాలు మంచిగ తాగుతుందా? పేరు పెట్టిండ్రా?" ఈ ప్రశ్నల వరస నాకు తెలుసు. ఫోన్లో అతను అడిగేది ఇలాగే. ఒక కబురు చెబితే దాని బరువు, పొడుగు, తేదీ, అన్నీ తెలిస్తేగాని వదిలేవాడు కాదు. ఇక నేను ఆగలేదు. మా ఆవిడ కంటి ఆపరేషన్ బాగానే అయిందని, ఇప్పుడు నా చొక్కా మీద మరకలు కూడా కనపడుతున్నాయని చెప్పాను. కాజీపేటలో మాతో పనిచేసినాయన బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడని, అక్కడ పార్కులో తెలుగు మాట్లాడే ముసలాళ్ళని పోగేశాడని చెప్పాను. విశాఖలో ఉన్నాయన కొడుకు ఇంకా ఉద్యోగ పరీక్షలు రాస్తున్నాడని చెప్పాను. రాజమండ్రి ఆయనకి మతిమరుపు ముదిరిందని, భార్య పేరు కూడా ఒక్కోరోజు గుర్తుండదని చెప్పాల్సి వచ్చినప్పుడు గొంతు తగ్గించాను.

"ఆయనకు ఫోన్ చేస్తే మాట్లాడతడా?" అని అడిగింది.

"మాట్లాడతాడు. నువ్వెవరో గుర్తుండదు."

"నాయన పేరు చెప్తే?"

"రైలు గురించి మాట్లాడతాడు తల్లీ. పాత స్టేషన్లన్నీ వరసగా చెబుతాడు."

"అయితే చేస్త," అంది. ఒక పిల్లల నోటుబుక్కు తీసి నంబర్లు రాసుకుంది.

ఆ ఇంట్లో ఈ ఏడు పండుగ లేదు. పెత్రమాసకి పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చారు గాని, బతుకమ్మ పేర్చలేదు. సద్దుల బతుకమ్మ నాడు పక్కిళ్ళవాళ్ళు ఆడి వచ్చాక సద్దులు, మలీద ముద్దలు గిన్నెల్లో పెట్టి తెచ్చి ఇచ్చి వెళ్ళారట. పండుగ చేసుకోకూడదన్నారు గాని, తినకూడదని ఎవరూ అనలేదని మేనత్త నవ్వింది. మధ్యాహ్నం జొన్న రొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. మా గోంగూర నాలిక మీద పోట్లాడుతుంది, వీళ్ళ పుంటికూర పప్పులో పడి కాస్త నెమ్మదిస్తుంది. వద్దన్నా రొట్టె మీద రొట్టె వేస్తూనే ఉన్నారు. మా వైపు మూడుసార్లు వద్దంటే మానేస్తారు, ఇక్కడ ఆకలి లేదన్న మాటని ఎవరూ ఖాతరు చేయరు.

ఎండ తగ్గాక అమ్మాయి పొలం వైపు తీసుకెళ్ళింది. వాళ్ళకి ఖననం ఆనవాయితీ. అతన్నీ వాళ్ళ నాయన పక్కనే పెట్టారు, చెల్క అంచున, తాటి చెట్ల కింద. మట్టి ఇంకా గట్టిపడలేదు. చుట్టూ మూడు పక్కల వెంచరు హద్దురాళ్ళు వచ్చేశాయి. వీళ్ళ రెండెకరాలకీ బ్రోకర్లు తిరుగుతున్నారు. "అమ్మితే సమాధులు ప్లాటు నడుమ పడతయ్. కొన్నోళ్ళు ఉంచుతరా?" అంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఇది చాలా ఇళ్ళ సమస్య. తాతల బొందలు ఉన్న నేల గజాల్లో అమ్ముడుపోతోంది. సలహా ఇవ్వగలిగిన తెలివి నాకు లేదు. తను మాత్రం ఆ మూలని విడిగా కొలిపించి కాగితం రాయించాలని ఒక లాయరుని కలిసిందట. తండ్రి పోయిన నెలలోపే ఇదంతా చేసింది.

అక్కణ్ణించి కనపడుతోంది ఒక చిన్న కుంట, ఎండాకాలం దాకా నిలవని నీళ్ళు. దాని అలుగు కింద ఇంకో చెరువు, దాని కింద ఇంకొకటి. ఇక్కడి చెరువులన్నీ గొలుసుకట్టుగా ఉంటాయి, పైది నిండితే కిందిదానికి వదులుతుంది. ఏ ఒక్క చెరువూ తన నీళ్ళు తానే ఉంచుకోవడానికి కట్టింది కాదు. మధ్యలో ఒకదాని కట్ట తెగితే గొలుసే తెగుతుంది, ఎవరో వచ్చి మళ్ళీ కట్ట వేయాలి. మా స్నేహితుల్లో మధ్య చెరువు అతను. అతను పోయాక మేమందరం ఎవరిళ్ళల్లో వాళ్ళం ఉండిపోయాం. ఈ అమ్మాయి ఆ కట్ట వేయడానికి నంబర్లు రాసుకుంది.

దుఃఖంలో ఉన్నవాళ్ళకి మనం ఇవ్వగలిగింది ఓదార్పు అనుకుంటాం. ఓదార్పు వాళ్ళ దగ్గరే ఉంటుంది, చాలాసార్లు మనకే వాళ్ళు పంచాల్సి వస్తుంది. వాళ్ళ దగ్గర లేనిది బయటి కబురు. ఇంట్లో ఒకరు పోతే లోకం ఆ ఇంటి గుమ్మం దగ్గర గొంతు తగ్గిస్తుంది, కబుర్లు ఆగిపోతాయి. మర్యాద కోసమే ఆగుతాయి, కాదనను. కాని ఆ మర్యాద వల్ల తండ్రితో పాటు, తండ్రి వల్ల తెలిసిన మనుషులందరినీ ఒకేసారి పోగొట్టుకుంటుంది కూతురు. ఎవరికి పురుడు వచ్చింది, ఎవరి కన్ను బాగైంది, ఎవరికి మతి పోయింది అన్నవి తండ్రి ఆస్తి. ఆమె అడిగింది ఆ ఆస్తినే. మంచి కబురు, చెడ్డ కబురు అని ఏరకుండా తండ్రి ఖాతాలో ఉన్నదంతా తన పేరు మీదికి మార్చుకుంది. పెద్దాయన ఒక కబురు మోశాడు, కొడుకు ఇంకో కబురు మోశాడు. మనవరాలు రెండూ మోస్తోంది.

బయల్దేరేటప్పుడు అలవాటు ప్రకారం ఏమీ అనకుండా చెప్పులు వేసుకున్నాను. మేనత్త ఊరుకోలేదు. "పోయొస్త అనకుంట పోతవేంది? మల్ల రావా? పిల్ల పేరు పెట్టినంక చెప్పు." వెళ్ళొస్తానమ్మా అని చెప్పి మరీ బయల్దేరాను. చేతిలో కూతురు కట్టి ఇచ్చిన సకినాల పొట్లం. పక్కింటివాళ్ళు చేసి తెచ్చినవట. నేను తెచ్చిన సీతాఫలాలు బియ్యం డబ్బాలో మాగబెట్టడానికి అప్పుడే దాచేశారు.

ఇంటికి వచ్చిన రాత్రే బెంగళూరుకీ, విశాఖకీ, రాజమండ్రికీ ఫోన్లు చేసి అమ్మాయి సంగతి చెప్పాను. ఎలా ఉంది అని అందరూ అడిగారు. నిబ్బరంగా ఉందని చెప్పి, నంబరు మారలేదని, ఫోను ఆ అమ్మాయే ఎత్తుతుందని చెప్పాను. మా మనవరాలికి పేరు పెట్టిన రోజు ఫోటోతో పాటు బరువు కూడా రాసి పంపాను, అడగకముందే.

కిందటి వారం పొద్దున్నే ఆమె ఫోను. "చిన్నాయనా, విశాఖ పెదనాయన కొడుకుకు బ్యాంకుల నౌకరి వచ్చింది. విజయనగరం పోస్టింగ్. రాత్రే తెలిసిందట, పొద్దుగాల నాకు చెప్పిండు. మీకు చెప్పిండో లేదో అని చేసిన."

నాకు ఎవరూ చెప్పలేదు. ఆమె చెబితేనే తెలిసింది.